పొలి ఎటు తిరిగితే అటే ఊరు

పోయిన వారం మిమ్మల్ని మా బడి కంప్యూటర్ గదిలో, వర్ష వేళ్ళు కీబోర్డు మీద ఉండగా వదిలేసి వెళ్ళాను. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు మళ్ళీ చెప్తాను. మొదటినుంచీ చదువుతున్నవాళ్ళు ఆ కాసేపు లేచి మంచినీళ్ళు తాగి రండి.

మాది కొత్త ఏటిపాడు ఉన్నత పాఠశాల. వీపనగండ్ల నుంచి ఆటోలో దుమ్ము తింటూ రావాలి. పాత ఏటిపాడు కృష్ణ నీళ్ళలో ఉంది, కొత్త ఏటిపాడు ఎండలో ఉంది. కింద శ్రీశైలం దగ్గర కట్ట లేచాక ఊరు మునిగి, సర్కారు కాలనీగా ఇటు తరలి వచ్చింది. నేను మాలతిని. గద్వాల మనిషిని, సాంఘిక శాస్త్రం చెప్తాను. రెండువేల ఎనిమిదిలో బడికి కంప్యూటర్లూ నెట్టూ వచ్చాయి. అవి దుప్పట్లు కప్పుకుని నిద్రపోతుంటే చూడలేక నాకొక పిచ్చి పట్టింది. స్కాట్లాండులో కొండల మధ్య ఒక బడి ఉంది. వాళ్ళ ఊరి చెరువు కింద కూడా ఒక పల్లె మునిగి ఉంది. ఆ బడి టీచరు ఫియోనా, నేను కలిసి రెండు తరగతులకూ ఒకే పని పెట్టాం. ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు ఉపగ్రహం పైనుంచి తీసిన ఫోటోలో మునిగిన ఊరి గోడలు కనబడతాయి కదా, ఆ ఫోటో మీదే వాటిని నెట్‌లో గీయాలి. వాళ్ళ ఊరిని మేము గీయాలి, మా ఊరిని వాళ్ళు గీయాలి. తెలిసినవాళ్ళు తమకు కావలసిందే చూస్తారు, తెలియనివాళ్ళు ఉన్నదంతా చూస్తారని ఫియోనా నమ్మకం. గీయడం అయ్యాక ఏ ఇల్లు ఎవరిదో ఎవరి ఊరివాళ్ళు వాళ్ళు రాసుకోవాలి.

ఆ పిల్లలు మా ఊరిని శుభ్రంగా గీశారు. తూర్పు పక్కన, మా పెద్దలెవరూ నోటితో చెప్పని చోట, ఇరుకిరుగ్గా కొన్ని గళ్ళు కూడా గీశారు. కేటీ అనే పిల్ల దాని కింద అడిగింది, ఇవి ఎవరి ఇళ్ళు అని. ఆ రోజు మా విద్యా కమిటీ చైర్మన్ కురుమూర్తి గారు గదిలోనే ఉన్నారు. “పశువుల కొట్టాలని రాయి బిడ్డా” అన్నారు. ఆయన మనవరాలు వర్ష మా తొమ్మిదో తరగతిలో అందరికంటే చురుకైనది, తాత చెప్పినట్టే ఇంగ్లీషులో టైపు కొట్టింది. వెనక బెంచీలో రజిత లేచింది. “మా అవ్వోళ్ళ ఇండ్లవి. మనుషులుండిరి” అని, సంచీ తీసుకుని బయటికి నడిచింది. నేనో? చరిత్ర చెప్పే మాలతి టీచర్ని, నోట్లో సుద్దముక్క పెట్టుకున్నట్టు నిలబడ్డాను.

అక్కడ ఆగాం. ఇక ఈ వారం సంగతి.

రజిత మర్నాడు బడికి రాలేదు. వర్ష వచ్చింది గాని, ఎప్పుడూ ముందు బెంచీలో గలగలలాడే పిల్ల, మూగనోము పట్టినట్టు కూర్చుంది. గంట కొట్టాక నా వెనకే స్టాఫ్ రూమ్ దాకా వచ్చింది.

“టీచర్, నేను రాసింది తప్పా?”

ఎంత చిన్న ప్రశ్న! అవును తప్పే, పద, ఇద్దరం పోయి దిద్దుదాం అంటే అయిపోయేది. నేనేమన్నానో తెలుసా? “బొడ్రాయి పండుగ అయిపోనీ, చూద్దాంలే” అన్నాను. కురుమూర్తి గారితో ఎందుకు పేచీ, కంప్యూటర్ గదికి జనరేటర్ ఇప్పించింది ఆయనే కదా అనుకున్నాను. ఆ “చూద్దాంలే” తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

బొడ్రాయి సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఊరు పుట్టినప్పుడు నడిమధ్య పాతే రాయి అది. మా ఊరి బొడ్రాయి పాత ఊరితో పాటే నీళ్ళలో ఉండిపోయింది. కాలనీకి వచ్చినప్పటినుంచీ బోర్లు ఎండిపోవడం, పంటలు పోవడం చూసి, రాయి లేని ఊరికి దిక్కెక్కడిదని పెద్దలు ఇన్నాళ్ళకు కొత్తది నిలబెట్టాలనుకున్నారు. నిలబెట్టిన రోజు ఊరి చుట్టూ పొలి చల్లుతారు. పసుపన్నంలో బలి నెత్తురు కలిపి, బుట్టలో పెట్టుకుని ఒక మనిషి పొలిమేర వెంట నడుస్తూ చల్లుకుంటూ పోతాడు. ఆ చుట్టు పూర్తయి పూజ ముగిసేదాకా లోపలివాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. పొలి ఎంతమేర తిరిగితే అంత ఊరు. మిగిలింది ఊరు కాదు.

నా అదృష్టం చూడండి, స్కాట్లాండు పిల్లలతో తెర మీద ముఖాముఖి మాట్లాడటానికి మేము పెట్టుకున్న రోజూ అదే. ఆ తర్వాత వాళ్ళకు ఈస్టర్ సెలవులు, మనకు పరీక్షలు. మార్చడానికి లేదు. ఆ రోజు రజిత వాళ్ళ అవ్వ కిష్టమ్మ తెర ముందు కూర్చుని మునిగిన ఊరి గురించి చెప్పాలని ముందే అనుకున్నాం.

రజితను పిలుచుకొద్దామని వాడకు బయల్దేరాను. బడి వెనక గోడ, దాని వెంట రోడ్డు, రోడ్డు పక్కన తెల్ల రంగు వేసిన సర్కారు హద్దురాయి. ఆ రాయి దాటితే కాలనీ అయిపోయింది. ఏటవాలు గడ్డమీద రేకుల ఇళ్ళు, అదే వాడ.

కిష్టమ్మ ఇంటి ముందు కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. పక్కన ఆమె మరిది బాలన్న పొలి బుట్టకు కొత్త తాడు కడుతున్నాడు. పండుగనాడు బుట్ట మోసేది అతనే. పాత ఊళ్ళో అతని తండ్రి మోసేవాడట.

“అవ్వా, రజితను బడికి పంపియ్యి” అన్నాను.

“పంపొద్దని నేనన్ననా టీచరమ్మా? అదే పోత లేదు. కొట్టంల పుట్టిన దూడకు సదువెందుకంటున్నది.”

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. రజిత వింటోందని తెలిసింది. బయటికి మాత్రం రాలేదు.

నేను ఉపగ్రహం ఫోటోను కాగితం మీద అచ్చు తీయించి తీసుకెళ్ళాను. కిష్టమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. “ఏరు ఎటు దిక్కున్నది?” అనడిగింది. చూపించాను. కాగితం గుండ్రంగా తిప్పి, తన వాకిట్లో కూర్చుంటే ఏరు ఎటుంటుందో అటు పెట్టుకుంది. ఆ ఇరుకు గళ్ళ మీద అరచేయి బోర్లించి, చాలాసేపు తీయలేదు.

“ఎవలు గీసిన్రు గిది?”

“స్కాట్లాండు పిల్లలవ్వా. సముద్రం అవతల.”

“మంచిగుండాలె బిడ్డలు. మా ఇండ్లు ఇండ్ల లెక్క గీసిన్రు.”

“కురుమూర్తి కాక అవి కొట్టాలంటున్నాడవ్వా. ఊరికే ఎందుకంటాడు చెప్పు?”

బాలన్న తాడు మీదినుంచి తల ఎత్తాడు, మళ్ళీ దించాడు. కిష్టమ్మకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. వచ్చినా బాగుండేది.

“కంప ఏసి పోయినం గద” అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది.

“కట్ట పనికి ఒరిస్సా దిక్కు పోయినం. వాడ వాడంత పోయినం. మేస్త్రి లారీలు తెచ్చిండు. మా ఇండ్లకు తాళాలెక్కడియి తల్లీ? తలుపులే సక్కగ లేకుండె. పోయేటప్పుడు దర్వాజకు ముండ్లకంప అడ్డం పెట్టి, మీద రాయి పెట్టి పోతుంటిమి. మళ్ళొచ్చినంక తీస్కుంటుంటిమి. ఏండ్ల సంది గంతే. ఎవలు ముట్టకపోదురు. ముంపు లెక్క రాసే సార్లొచ్చిన్రంట. కంప అడ్డం పెట్టినయి ఇండ్లంటరా ఎవలన్న? బర్లకు, మేకలకు పెడ్తరు గదా కంప. కొట్టాలని రాసుకపోయిన్రు. ఊర్ల ఉన్నోళ్ళు కాదనలే.”

“మీకు తెలిసేసరికి?”

“మేము లారీ దిగెవరకు ఊరు లేదు. దిగినకాడికెళ్ళే నీళ్ళు. మా అత్తను ముసల్దని ఇడిసిపెట్టి పోయినం. అది గట్టు మీద కూసోనున్నది, చాట ఒకటి, కుండ ఒకటి పట్టుకోని. ఇల్లేదే అంటె నీళ్ళ దిక్కు చెయ్యి చూపెట్టింది. కాలనీల జాగలు అప్పటికే పంచిన్రు. కొట్టాలకు జాగలిస్తరా? ఈడ గుడిసెలేసుకున్నం.”

నేను చదువుకున్న పుస్తకాల్లో ముంపు అంటే ఎన్ని ఎకరాలు, ఎన్ని గ్రామాలు అనే ఉంటుంది. వాకిట్లో అడ్డం పెట్టిన ముళ్ళకంప ఏ పుస్తకంలోనూ లేదు. ఏడుపొచ్చినంత పనైంది. ఏడిస్తే ఆమెకేం లాభమని ఊరుకున్నాను.

“ఇప్పటికీ ఎండకాలం నీళ్ళు తగ్గంగనే పోత” అంది కిష్టమ్మ. “మా గడప కాడ ఊడ్సి, అలుకు సల్లి వస్త. గీ బాలన్న నవ్వుతడు, మళ్ళ నీళ్ళొస్తయి గద ఒదినె, ఎందుకు నీకు పరేషాన్ అని. రానీ. అలుకు సల్లని ఇల్లు ఇల్లెట్లైతది?”

కేటీ పంపిన ఇంకో ప్రశ్న ఉందని చెప్పాను. ఆ పిల్ల ముత్తాత వాళ్ళ దేశంలో కట్ట పనికి కొండ తొలిచిన కూలీ అట. కట్ట కట్టినవాళ్ళ మీద మీకు కోపమా అని అడిగింది.

కిష్టమ్మ నవ్వింది. పళ్ళు లేని నోటితో ఆమె నవ్వితే రజితకంటే చిన్నదానిలా ఉంటుంది.

“అయ్యో బిడ్డా! ఎవలమీద కోపం? మా ఊరు మునిగెటప్పుడు నేను ఆడ ఇంకోలూరు ముంచేతందుకు మట్టి మోస్తున్న. గా ఊరోళ్ళు నన్నెంత తిట్టుకున్నరో తెల్వదు. వాళ్ళ తాత, నేను ఒక్కటే కూలోళ్ళమని చెప్పు.” అంతలోనే, “నువ్వొద్దులే, నేనే చెప్త. పండుగనాడు టీవీల కూసోబెడ్తానంటివి గద” అంది.

“కూర్చోబెడతానవ్వా.”

“మరి పొలి మా వాడ చుట్టు తిరుగుతదా?”

పెద్దలు దారి నిర్ణయించేశారని నాకు తెలుసు. సర్కారు హద్దురాళ్ళ వెంబడే, అంటే వాడ బయట. ఆ రోజు పొలి మొదలైతే వీళ్ళు రోడ్డు దాటి బడికి రావడానికి వీల్లేదు.

“పాత ఊర్ల మా ఇండ్లు పొలి లోపట్నే ఉండె టీచరమ్మా. మా మామ మోస్తుండె బుట్ట. ఇప్పుడు గీ బాలన్న మోస్తడు. ఊరంత సల్లుకుంట తిరిగి, ఆకర్కి వాని ఇంటికి వాడు బయటోడు. గిదేం నాయం?”

అప్పుడు నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది! “అవ్వా, పొలి మొదలు పెట్టకముందే పొద్దున్నే నువ్వూ రజితా వచ్చి బడిలో కూర్చోండి. మధ్యాహ్నం దాకా అక్కడే అన్నం తిందురు. పూజ అయ్యాక వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలియను కూడా తెలియదు” అన్నాను.

కిష్టమ్మ చేతిలో కాగితాన్ని మడిచి నా ఒళ్ళో పెట్టింది.

“సుట్టం లెక్క రావాల్నా, నా ఊర్లెకు? దొంగ లెక్క ముందుగాల్నే దూరి కూసోవాల్నా?”

“అది కాదవ్వా…”

“గదే. నువ్వు మంచిదానివే బిడ్డా, మంచికే అన్నవు. నేను రాను. కురుమూర్తి పటేల్ను బతిమిలాడ గూడ బతిమిలాడను. పొలి మా దిక్కు తిరిగిందా, వచ్చి మాట్లాడత. తిరగలేదా, గా పిల్లలకు నా పేరు జెప్పి, ముసల్ది ఊర్ల లేదని చెప్పు. అబద్ధం గూడ కాదు.”

లేచి వచ్చేశాను. హద్దురాయి దాకా వచ్చాక వెనక్కి చూస్తే, రజిత గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను పిలవలేదు. నేనూ పిలవలేకపోయాను. దయ చూపించబోయి ఆ ముసలిదాని పరువు తీశానని తెలిసి, తలెత్తలేక నడిచాను.

అక్కడినుంచి నేరుగా కురుమూర్తి గారింటికే పోయాను. అరుగు మీద పెద్దలు కూడి ఉన్నారు. అక్కడ నడుస్తున్న చర్చ వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పొలి కట్టడిలో ఉన్నప్పుడు బడిలో నెట్ నడవవచ్చా, నడవకూడదా అని! బయటి దేశపు మాట తీగలోంచి లోపలికొస్తే కట్టడి తెగుతుందని ఒకాయన. తెగితే సెల్‌ఫోన్లు కూడా బంద్ చేయాలి కదా, నా బిడ్డ బొంబాయికెళ్ళి ఫోన్ చేస్తదే అని ఇంకొకాయన. చివరికి కురుమూర్తి గారు తీర్పు చెప్పారు.

“మాట మనిషి కాదు. మాట రావొచ్చు. టీచరమ్మా, నీ తెల్లపిల్లలతోని మంచిగ మాట్లాడుకో.”

ఇందిరమ్మ, ఆయన భార్య, నాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. పట్టుకుని కూర్చున్నానే గాని తాగలేదు. మిగతావాళ్ళు లేచిపోయాక ముళ్ళకంప సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు.

“నేను గప్పుడు కర్నూల్ల దుకాణం చూసుకుంటుంటి బిడ్డా. మా నాయిన చెప్పిందే నాకు తెల్సు. కొట్టాలన్నడు, కొట్టాలే అనుకున్న. ఇప్పుడు సచ్చినోని మాట నేనెట్ల కాదనాలె?”

“కాదనకండి కాకా. పొలి మాత్రం వాడ చుట్టూ తిప్పండి, చాలు.”

“జర ఆలోచించి మాట్లాడు. దారి పెట్టినం, బాలన్నకు చెప్పినం. ఊరూర్ల ఆడపడుచులు దిగుతున్నరు. ఇప్పుడు మారిస్తె సగం ఊరు లేస్తది. వాడల కొంతమంది చర్చికి పోతున్నరాయె, వాళ్ళ కోసం పొలి తిప్పుతవా అంటరు.”

“వాళ్ళు ఏ గుడికి పోతే ఏంటి కాకా, ఏటిపాడు వాళ్ళు కారా?” నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. “సముద్రం అవతలి పిల్ల తీగలోంచి లోపలికి రావొచ్చు. రోడ్డు అవతలి అవ్వ కాళ్ళమీద నడిచి రావద్దా?”

తలుపు చాటున ఇందిరమ్మ గాజుల చప్పుడు ఆగిపోయింది. కురుమూర్తి గారి మొహం ఎర్రబడింది. ఆయన చెడ్డవారు కారు, నేను ఎప్పుడూ అనను. తండ్రి మాట ఒకవైపు, ఊరి పెద్దరికం ఒకవైపు లాగుతుంటే మధ్యలో ఇరుక్కున్న మనిషి. లాల్చీ సవరించుకుని లేచారు.

“నువ్వు గద్వాల నుంచి వచ్చిన సుట్టానివి టీచరమ్మా. పండుగనాడు మా ఇంట్ల అన్నం తిని పో. ఊరి సంగతి ఊరోళ్ళకు ఇడిసిపెట్టు.”

చుట్టం! కిష్టమ్మకు నేను ఇవ్వజూపిన మర్యాదే నాకు తిరిగొచ్చింది. ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

పండుగ రోజు వచ్చింది. పొద్దున్నే రాయి నిలబెట్టారు. వీధులన్నీ పసుపు బట్టలు, పుట్టింటికొచ్చిన ఆడపడుచులు. పొలికి పూజారి అయ్యగారు పెట్టిన వేళ మధ్యాహ్నం. సరిగ్గా అప్పుడే స్కాట్లాండులో బడి గంట కొడుతుంది. కరెంటు ఎలాగూ ఉండదు. జనరేటర్ గుడగుడమంటుంటే, తెర మీద ఒక్కొక్క మొహమే తేలింది. నిద్రమొహాలు, ఎర్రజుట్లు. మా పిల్లలు చేతులూపారు, వాళ్ళు ఊపారు. వర్ష కీబోర్డు దగ్గర కూర్చుంది. ఆ “కొట్టాలు” అన్న మాట ఇంకా అక్కడే ఉంది. దాని వంక చూడకుండా ఉండటానికి ఆ పిల్ల పడే అవస్థ నేను చూస్తూనే ఉన్నాను.

కేటీ కెమెరాకు దగ్గరగా వచ్చింది. రజిత అంతకుముందు తన అవ్వ గురించి రాసి పంపిన ముక్కల్లోంచి ఆ పిల్లలు ఒక్క తెలుగు మాట నేర్చుకున్నారు. దాన్నే తమ ఇంగ్లీషు మధ్యలో ముద్దుగా పలికి అడిగింది. “అవ్వ ఎక్కడ?”

“బయట ఉంది” అన్నాను.

“లోపలికి రమ్మనండి.”

“రోడ్డు దాటాలి.”

“చాలా దూరమా?”

కిటికీలోంచి చూశాను. హద్దురాయికి అవతల, నేలమీద, కొత్త చీర కట్టుకుని కిష్టమ్మ కూర్చుని ఉంది. పక్కన రజిత. ఆమె దగ్గితే ఇక్కడికి వినిపిస్తుంది. ఇన్నేళ్ళు పిల్లలకు రాజుల కోటలూ, కోటగోడల మందాలూ చెప్పాను. ఆ పిల్లకు మాత్రం ఒక్క రోడ్డు సంగతి చెప్పలేకపోయాను.

వర్ష లేచి, కెమెరాను తీగతో సహా ఎత్తి కిటికీ ఊచల మీద పెట్టింది. బయటివైపుకు తిప్పింది. నేను చెప్పలేదు. వద్దని కూడా అనలేదు.

అప్పుడే డప్పులు దగ్గరికొచ్చాయి. బడి గోడ వెంబడి బాలన్న వస్తున్నాడు. తలమీద బుట్ట, నుదుట పసుపు, “పొలి… పొలి…” అంటూ పిడికెడు తీసి చల్లుతూ. వెనక కొంచెం దూరంలో కురుమూర్తి గారూ, పెద్దలూ. పొలి ఎత్తిన మనిషి వెనక్కి చూడకూడదు, ఆగకూడదు, చుట్టు పూర్తయ్యేదాకా బుట్ట దించకూడదు. బుట్ట నెత్తిన ఉన్నంతసేపు అతనితో ఎవరూ మాట్లాడకూడదు. హద్దురాయి దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమకు తిరిగితే కాలనీ వెంట, కుడికి పోతే వాడ చుట్టూ.

బాలన్న రాయి దగ్గరికి వస్తుండగా కిష్టమ్మ లేచి నిలబడింది. పిలుస్తుందేమో అనుకున్నాను. పిలవలేదు. కొంగు తలమీదికి లాక్కుని, అటు తిరిగి నిలబడింది. తన మొహం చూసి అతను జాలిపడి తిరగకూడదని. బతిమిలాడనంది కదా, ఆ మాట మీదే ఉంది.

బాలన్న ఆగాడు.

డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. “ముందుకు పోతడు, పోతడు” అని వెనక ఎవరో గొణిగారు. బాలన్న వంగాడు. బుట్టను రెండు చేతులతో దించి, హద్దురాయి పక్కన నేలమీద పెట్టాడు.

“అయ్యో, దించిండు!” అని ఆడవాళ్ళ అరుపు.

బాలన్న నిటారుగా నిలబడి కురుమూర్తి గారి వైపు తిరిగాడు. ఆ మనిషి అంత పెద్దగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

“పటేలా, నా ఇల్లు కొట్టమంటివంట. కొట్టంల ఉండేటిది పసురం. పసురం సల్లిన పొలి ఊరికెట్ల పనికొస్తది?”

అంతే. రోడ్డు దాటి పోయి వదినె పక్కన నిలబడ్డాడు.

బుట్ట అక్కడే ఉంది. పొలి సగం తిరిగింది, సగం తిరగలేదు. చుట్టు పూర్తి కాకపోతే కట్టడి వీడదు. ఆడపడుచులు కదలడానికి లేదు, పూజ ముగియడానికి లేదు. ఎవరో ఒకరు బుట్ట ఎత్తాలి. అది వాడవాళ్ళ పని, కాలనీ ఇళ్ళవాళ్ళెవరూ పాత ఊళ్ళో కూడా ఏనాడూ ఆ బుట్టను ముట్టలేదు. కురుమూర్తి గారు పెద్దల వైపు చూశారు. పెద్దలు నేల చూశారు. ఆయన ఒక అడుగు ముందుకేశారు. చేయి చాచబోయి ఆగిపోయారు.

తెర మీద పిల్లలు గందరగోళంగా అడుగుతున్నారు, ఏమైంది, ఎందుకు ఆగారు, ఆ బుట్టలో ఏముంది అని. ఈసారైనా సూటిగా చెప్పాలనుకున్నాను. “వర్షా, కెమెరా ఇటు తిప్పు” అంటూ తిరిగాను.

కుర్చీ ఖాళీ. ఊచలకు వేలాడుతున్న కెమెరా తీగ ఇంకా ఊగుతోంది.

కిటికీకి పరుగెత్తాను. జడ ఎగురుతుంటే, చెప్పులు లేని కాళ్ళతో వర్ష గోడ వెంబడి పోతోంది. పెద్దల మధ్యలోంచి దూరి బుట్ట దగ్గర మోకాళ్ళ మీద కూలబడింది. రెండు చేతులూ బుట్ట కిందికి పెట్టింది.

“ముట్టకు బిడ్డా!” అని కురుమూర్తి గారు గొంతు చించుకుని అరిచారు.

బుట్ట లేచింది. వర్ష నెత్తిమీదికెక్కింది. పసుపు నీళ్ళు ఆ పిల్ల చెంపమీదికి కారాయి.

కురుమూర్తి గారు ఇంకో మాటకు నోరు తెరిచారు. ఇందిరమ్మ ఎక్కడినుంచి వచ్చిందో వచ్చి, ఆయన చేయి గట్టిగా పట్టుకుంది. బుట్ట నెత్తిన ఉంది, మాట్లాడకూడదు.

వర్ష ఎడమకు చూసింది. కుడికి చూసింది. నా కిటికీ వైపు చూసింది. ఆ రోజు స్టాఫ్ రూమ్ దగ్గర అడిగిన ప్రశ్నే ఆ పిల్ల కళ్ళల్లో ఉంది. జవాబు ఇప్పుడు నా నాలుక చివరనే ఉంది. కానీ ఎటు తిరగాలో ఆ పిల్లకు చెప్పే అధికారం ఊళ్ళో ఇక ఎవరికీ లేదు, నాకు కూడా.